చప్పటి గంజి

ఫిబ్రవరి 27, 2022

తిన్న ప్రతిదీ డైరీలో రాసుకోమంది ఆస్పత్రిలో కో-ఆర్డినేటర్ అమ్మాయి. మధ్యాహ్నం కూర్చుని రాయబోతే ఒక్కో పేరుకీ నోట్లో నీళ్ళూరాయి. ఇదేం వైద్యమో! ఆ లెక్కలు ఆమెకు ఫోన్లోనే చెప్పేస్తాను. దీన్లో నా గోల రాసుకుంటాను. మా పరుపుల షాపులో పాత గుడ్డల కింద దాస్తే మా ఆయన కూడా తియ్యరు.

తమ్ముడు యూసుఫ్ లివర్ గట్టిపడిపోయిందని జనవరిలోనే చెప్పారు. ఇంకొకరి లివర్ లోంచి ముక్క తీసి పెట్టడం తప్ప దారి లేదని ఇప్పుడంటున్నారు. వాడి భార్య నస్రత్ రక్తం కలవలేదు. అమ్మకు వయసు దాటిపోయింది. నాది కలిసింది. తమ్ముడికి అక్కది కలవక ఇంకెవరిది కలుస్తుందని కారిడార్లో ఒక గంటసేపు గొప్పలు పోయాను. ఆ తర్వాత నా స్కాన్ వచ్చింది.

"మీ లివర్ నిండా కొవ్వుందమ్మా. ఇలాంటిది కోస్తే మీకూ ప్రమాదం, అతనికీ పనికిరాదు. ఎనిమిది కిలోలు తగ్గండి. ఏప్రిల్ నెలాఖరులో మళ్ళీ చూద్దాం. అంతకు మించి ఆగితే అతను తట్టుకోలేడు" అన్నాడు డాక్టరు.

కారులో తిరుగు ప్రయాణం. సత్తెనపల్లి దగ్గర పడ్డాక యూసుఫ్ ముందు సీట్లోంచి వెనక్కి తిరిగాడు. "సిద్దికక్కా, నీ పెళ్ళిచూపులప్పుడు కూడా నిన్ను బక్కచిక్కమని ఎవురూ అడగలేదు గదే!" అన్నాడు. అందరం నవ్వాం. వాడి కళ్ళు పచ్చగా ఉన్నాయి. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

అమ్మ మాత్రం నవ్వలేదు.

మార్చి 2

నడక మొదలుపెట్టాను. పక్కింటి నాగజ్యోతి తోడు. ఆమె మిరప రైతు భార్య, ఎండలో పనిచేసి పుల్లలా ఉంటుంది, అయినా నాకోసం వస్తానంది. కల్లాల పక్కన దారి. మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఆ ఘాటుకు నాకు దగ్గొచ్చింది. ఎదురొచ్చే ఇద్దరు ఆడవాళ్ళు టక్కున కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. కరోనా వచ్చి రెండేళ్ళయింది, ఇంకా ఈ ఊళ్ళో దగ్గితే దొంగలా చూస్తారు.

"కొద్దిగా దూకుడుగా నడువక్కా, ఇది పెళ్ళి ఊరేగింపా?" అంటుంది నాగజ్యోతి. రేపు నేనొక్కదాన్నే వెళతాను.

మార్చి 3

కాళ్ళ నొప్పులు. వెళ్ళలేదు.

మార్చి 6

నేను మొదటి నుంచీ ఇట్లా లేను. ఈ మాట ఎవరితో అన్నా సాకులు చెప్తున్నాననుకుంటారు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మాది పరుపులు కుట్టే ఇల్లు. దూది ఏకడం, కర్రతో కొట్టి పరవడం, జానెడు సూదితో ఇటునుంచి అటు గుచ్చి లాగడం. పొద్దుననగా వంగితే పొద్దుగూకేదాకా నడుం ఎత్తేదాన్ని కాదు. ఆ రోజుల్లో ఎంత తిన్నా ఎటు పోయేదో తెలిసేది కాదు. లాక్‌డౌన్ పెట్టారు. షాపు మూసేశాం. పోలీసు కర్రకు భయపడి గుమ్మం దాటలేదు. ఇంట్లో కూర్చుని ఏం చేస్తాం? ఫోన్లో వంటలు చూసి చేసుకున్నాం. పొద్దున ఒకటి, పదకొండింటికొకటి, సాయంత్రం బజ్జీలు. ఎవరికి ఏ జబ్బు వస్తుందోనని బలానికి గుడ్లు, బలానికి మాంసం, బలానికి జీడిపప్పు. భయం వేసినప్పుడల్లా నమిలాం.

రెండో సంవత్సరం నాన్న పోయారు. నాన్నకు నాలుకకు రుచి తెలియకుండా పోయింది. ఆస్పత్రి గేటు దగ్గర అమ్మ రోజూ క్యారేజీ ఇచ్చి వచ్చేది. ఆఖరి మూడు రోజులూ మూత తియ్యకుండానే తిరిగొచ్చింది. మా నాన్న నన్నే సాహెబ్ కరోనాతో పోయాడని ఊరంతా అంటే, కాదు, ఆకలితో పోయాడని అమ్మ ఇప్పటికీ అంటుంది. కరోనాతో పోయినవాళ్ళ పరుపులు ఊరి బయట తగలబెట్టారు కదా, అందులో నాన్నదీ ఉంది. నేను కుట్టిందే.

అప్పటినుంచి అమ్మ మా ఇంట్లోనే ఉంటోంది. అప్పటినుంచి మా ఇంట్లో ఎవరూ ఒక్క ముద్ద వదిలేసి లేవకూడదు. షాపులో ఇప్పుడంతా ఫోమ్ పరుపులే. బండి మీద వస్తాయి, బండి మీద పోతాయి. దూది ఏకే మిషను మీద గుడ్డ కప్పి ఉంది. నేను స్టూలు మీద కూర్చుని బిల్లు రాస్తాను.

మార్చి 7

రెండు పునుగులు. నడిచాను కాబట్టి అవి లెక్కలోకి రావు.

మార్చి 15

దూది తూచే కాటా మీద నిలబడ్డాను. రెండు కిలోలు తగ్గాల్సింది, అరకిలో కూడా తగ్గలేదు. కాటా పాడైందన్నాను. మా ఆయన నాగూర్ వలి ఏమీ మాట్లాడకుండా లోపలికెళ్ళి ఇరవై కిలోల తూకం రాయి మోసుకొచ్చి దాని మీద పెట్టారు. ఇరవై చూపించింది. రాయి తీసి మళ్ళీ లోపల పెట్టి వచ్చారు.

ఒక్క మాట అంటే ఆయన సొమ్మేం పోయింది? నోరు మూసుకుని ఉండేవాళ్ళతోనే నాకు ఒళ్ళు మండేది. సాయంత్రం షాపుకు పునుగుల పొట్లం తెచ్చింది ఎవరని అడిగితే ఏం చెప్తారో!

పునుగులు బంద్. రేపటి నుంచి కాదు, ఇవాళ్టి నుంచే.

మార్చి 23

యూసుఫ్ పొట్టలో నీళ్ళు తీయించుకొచ్చారు. చూడ్డానికి వెళ్ళాను. మంచం మీద చేతులు పుల్లల్లా, నీళ్ళు తీశాక కూడా పొట్ట మాత్రం నిండు నెలల మనిషికి ఉన్నట్టుగా. ఉప్పు లేని అన్నం అమ్మ ఇక్కడే వండి పట్టుకెళ్ళి తినిపిస్తోంది.

నస్రత్ ఈ మధ్య నా మొహం చూడటం లేదు. నా నడుం చూస్తోంది. నిలబడ్డా, కూర్చున్నా, ఆ కళ్ళు అక్కడే. "ఎంత తగ్గారొదినా?" అని అడిగింది. రెండున్నర అన్నాను. నిజానికి రెండే. "ఇంకా నెల రోజులుంది లెండి" అంది. ఆ 'లెండి'కి నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. నా పొట్ట కోస్తారు కానీ నీ పొట్ట కోస్తారా అందామనుకున్నాను. ఇద్దరు చిన్నపిల్లలు దాని కొంగు పట్టుకుని నిలబడి ఉన్నారు. అనలేదు.

మార్చి 24

ఇంకో ఊళ్ళో ఇట్లాగే అన్నకు లివర్ ఇచ్చినామె ఫోటో పంపింది కో-ఆర్డినేటర్, ధైర్యం కోసమట. నవ్వుతూ పొట్ట మీది కోత చూపిస్తోంది. ఆ గీత గుండె కింద నుంచి కుడి పక్కకు తిరిగింది.

నాకు భయం లేదు.

మార్చి 31

మూడు కిలోలు తగ్గాను. నాగజ్యోతి అరుగు మీద నిలబడి వీధంతా వినేలా చెప్పింది. రంజాన్ వస్తోంది. నెలంతా ఒక్కపొద్దులుంటాను కదా, మిగతాది దానంతటదే కరుగుతుంది. ఎట్లాగూ దేవుడి పని, అందులోనే తమ్ముడి పని.

అమ్మకు చెప్పాను. "ఉండు. కానీ ఉత్త కడుపున ఉండటానికి ఒప్పుకోను. తెల్లారుజామునా సాయంత్రం నేనే గంజి కాస్తా, అదొక్కటే తాగు. గంజి తాగితే ఎవురు లావెక్కారు?" అంది. నిజమే.

ఏప్రిల్ 3

మొదటి ఒక్కపొద్దు. ఒక ఖర్జూరం, ఒక గిన్నె గంజి. పండ్లు కూడా ముట్టలేదు. అమ్మ చేతిలో ఏం మహిమ ఉందో, ఉత్త నూకల గంజి కూడా అమృతంలా ఉంటుంది.

ఏప్రిల్ 5

గంజి మాత్రమే.

ఏప్రిల్ 7

గంజి మాత్రమే. రెండు గిన్నెలు. పగలంతా ఉపవాసం కదా.

ఏప్రిల్ 8

వంటింట్లోకి వెళ్ళబోయాను. "ఒక్కపొద్దున్నదానివి, పొయ్యి సెగ ఎందుకు? పోయి పడుకో" అంది అమ్మ. పోయి పడుకున్నాను.

ఏప్రిల్ 11

కాటా ఎక్కాను. తగ్గలేదు సరికదా, కిలో పెరిగింది. దిగి మళ్ళీ ఎక్కాను. చెప్పులు విప్పి ఎక్కాను. ఈసారి కాటా పాడైందనలేదు.

కో-ఆర్డినేటర్ ఫోన్ చేసింది. "ఉపవాసం ఉండి పెరగడమేంటి మేడమ్? దాచకుండా చెప్పండి, ఏం తింటున్నారు?" గంజి అన్నాను. "గంజిలో ఏం వేస్తున్నారు?" మా అమ్మ చేస్తుంది, నాకు తెలియదు అన్నాను. "తెలుసుకోండి. మీ తమ్ముడి రిపోర్టులు బాగోలేవు. మే నెల దాటేలోపు జరక్కపోతే ఇక మేము చేసేదేం ఉండదు" అంది.

నీరు పట్టి ఉంటుంది. వేడికి కొందరికి నీరు పడుతుంది.

ఏప్రిల్ 14

ఇది రాయాలని లేదు. అయినా రాస్తాను.

సాయంత్రం యూసుఫ్ వచ్చాడు. నస్రత్ భుజం పట్టుకుని, పక్క వీధిలోంచి ఇక్కడికి రావడానికే రెండుసార్లు ఆగాడట. వాడు ఒక్కపొద్దులుండటం లేదు, ఉండకూడదు కూడా. ఒక్కపొద్దు విడిచి గంజి తాగుతున్న నా పక్కన కూర్చున్నాడు. అమ్మ లోపల నమాజులో ఉంది. నస్రత్ నీళ్ళు తేవడానికి వెళ్ళింది.

"ఒక్క చెంచా పెట్టక్కా. ఉప్పులేని కూడు తిని నాలిక చచ్చిపోయింది" అన్నాడు.

పెట్టాను. నోట్లో ఉంచుకుని కాసేపు కదల్లేదు. ఇంకో చెంచా తానే తీసుకున్నాడు. తర్వాత చెంచా గిన్నెలో పెట్టేశాడు.

"నెయ్యి. నూరిన జీడిపప్పు. మూలుగ బొక్కల రసం" అన్నాడు మెల్లగా, కూర బాగుందని చెప్పినట్టు. "రోజూ ఇదేనా?"

నేను నోరు తెరిచాను. అమ్మ చేసింది అని అనాలి. ఆ మాట బయటికి వస్తే అమ్మ ఎందుకు చేసిందో వాడు ఊహించేస్తాడు. మూసుకున్నాను.

"భయమేస్తే నాకు చెప్పొచ్చు గదక్కా" అన్నాడు. "నేనేమనుకుంటా? నీకూ సంసారముంది. ఇట్టా దొంగతనంగా తినటమెందుకు, ఊరికే వద్దంటే పోయేదిగా." నా చెయ్యి పట్టుకుని లేచాడు. వాడి చెయ్యి చల్లగా ఉంది. నస్రత్ గ్లాసుతో వచ్చేసరికి గుమ్మం దగ్గరున్నాడు.

గంజిలో ఏముందో నాకు తెలియదని పైన ఎక్కడో రాశాను. కొట్టెయ్యాలి. నలభై రెండేళ్ళుగా ఈ తిండి తింటున్న నాలుక ఇది. మొదటి గిన్నెకే తెలుసు. రెండో గిన్నె అడిగింది అందుకే.

నాకు భయంగా ఉంది. ఆ ఫోటో చూసిన రోజు నుంచీ భయంగానే ఉంది.

ఏప్రిల్ 15

అమ్మను నిలదీశాను. మా ఆయన షాపుకెళ్ళాక, వంటింటి తలుపు వేసి అడిగాను. పెసరపప్పు డబ్బా వెనక నెయ్యి గిన్నె ఉంది, బయటపెట్టాను.

"బలానికి వేశా" అంది.

"నేను తగ్గకపోతే వాడు చచ్చిపోతాడమ్మా. నీకు తెలవదా?"

"తెలుసు."

పీట మీద కూర్చున్నాను. అమ్మ నిలబడే ఉంది.

"తెలుసే. వాడు నా కొడుకు కాదా? నా కడుపు మండటంలా? మీ నాయన్ని ఆ గేటు లోపలికి పంపించా. నడుచుకుంటా పోయాడు. మూత తియ్యని క్యారేజీ వచ్చింది, తర్వాత మూట గట్టిన మనిషి వచ్చాడు, మొహం గూడా చూడనియ్యలా. వాడికి జబ్బు. అది అల్లా చూసుకుంటాడు. నీకేం జబ్బే? రాయిలాగున్నావు. రాయిలాగున్నదాన్ని కోస్తారంట. ఇద్దర్నీ ఒకే రోజు లోపలికి పంపి, ఇద్దరూ రాకపోతే? నేను ఆ గేటు కాడ క్యారేజీ పట్టుకుని ఎవురి కోసం నిలబడాలి?"

కొడుకును వదులుకుని కూతుర్ని దాచుకునే తల్లిని నేను ఎక్కడా చూడలేదు. ఈ ఊళ్ళో ఎవరికి చెప్పినా నమ్మరు. చిన్నప్పుడు గుడ్డు కోస్తే పెద్ద ముక్క వాడికే పెట్టిందని ఎన్నేళ్ళు సాధించానో అమ్మను. ఇవాళ పెద్ద ముక్క నాకు పెట్టింది. నాకు సంతోషం కలిగింది. కలిగినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

"ఇక నా గంజి నేనే కాచుకుంటా" అన్నాను. "నువ్వు వంటింట్లోకి రామాక."

ఏప్రిల్ 16

యూసుఫ్ దగ్గరికి వెళ్ళాను. "నేనేరా వేయించుకున్నది. భయపడ్డాను. ఇంక లేదు. మే దాటేలోపు వస్తా" అన్నాను. నస్రత్ గోడకు తిరిగి ఏడ్చింది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

అమ్మ సంగతి చెప్పలేదు. వాడు బతికినా, బతకకపోయినా ఆ మాట వాడి చెవిన పడకూడదు.

ఏప్రిల్ 18

మిషను మీది గుడ్డ తీశాను. నాగజ్యోతి పాత పరుపులు రెండు ఏకించి కుట్టిపెట్టమంది. ఒక్కపొద్దుతో వద్దని మా ఆయన అన్నారు. ఆయన మాట్లాడటమే వింత. వినలేదు. దూది దుమ్ములో పొద్దుటి నుంచి కర్రతో కొట్టాను. భుజాలు గుర్తుపట్టాయి ఈ పనిని. మధ్యలో కళ్ళు తిరిగాయి, కూర్చున్నాను, లేచాను.

ఏప్రిల్ 20

ఒకటిన్నర తగ్గింది. అమ్మ నాతో మాట్లాడటం లేదు. నేనూ మాట్లాడటం లేదు.

ఏప్రిల్ 21

రాత్రి కలలో పునుగులు. లేచి నీళ్ళు తాగాను.

ఏప్రిల్ 23

సాయంత్రం నేను పరుపు కుట్టి వచ్చేసరికి చాప మీద నా గిన్నెలో గంజి పోసి ఉంది. అమ్మ పక్కనే కూర్చుని ఉంది.

నేను కూర్చోలేదు. "ఎవరు కాశారు?" అన్నాను.

"నేనే."

"ముందు నువ్వు తాగు."

కన్నతల్లితో అనే మాటా అది? అన్నాను. అమ్మ నా మొహం వంక చూసింది. అజాన్ వినపడింది. ఖర్జూరం పక్కకు నెట్టి, నా గిన్నె ఎత్తి, ఆ గంజితోనే ఒక్కపొద్దు విడిచింది. మూతి తుడుచుకుని గిన్నె నా ముందు పెట్టింది.

తాగాను. నూకలు, పెసరపప్పు, నాలుగు పుదీనా ఆకులు. ఉప్పు కూడా సరిగ్గా పడలేదు. మా అమ్మ జన్మలో అంత చెడ్డ వంట చేసి ఉండదు.

"మధ్యాన్నం వాడికి అన్నం పెట్టపోయా" అంది అమ్మ, నా వంక చూడకుండా. "నా చెయ్యి పట్టుకున్నాడు. అక్కని ఏమీ అనమాకమ్మా, భయపడింది, నా వల్లే నలిగిపోతంది, నువ్వైనా దాన్ని మంచిగా చూసుకో అని నన్నే బతిమాలాడు. నా తప్పు నువ్వు నెత్తినేసుకున్నావని నాకు అప్పుడు తెలిసింది. నేను వదిలేసినోడు నీ కోసం బతిమాలతన్నాడే."

గంజి చల్లారిపోయేదాకా ఇద్దరం ఏడ్చాం. తర్వాత మిగిలింది ఊడ్చి తాగాను.

ఏప్రిల్ 28

స్కాన్.

మొత్తం మీద ఆరు కిలోలే. ఎనిమిది కాలేదు. ఆ గొట్టంలోంచి బయటికొచ్చి బెంచీ మీద కూర్చున్నాక నస్రత్ వచ్చి నా పక్కన కూర్చుంది. ఎన్నో రోజుల తర్వాత నా మొహం చూసింది. నా చేతిలో చెయ్యి పెట్టింది.

డాక్టరు కాగితం తిప్పుతూ చాలాసేపు చూశాడు. "బరువు ఇంకా తగ్గాల్సింది. కానీ కొవ్వు బాగా కరిగింది. చెయ్యొచ్చు" అన్నాడు. పండుగ వెళ్ళిన వారానికి తేదీ ఇచ్చారు.

యూసుఫ్ గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. "అక్కా, ఇప్పుడైనా వద్దనొచ్చు" అన్నాడు. ఒక్కటి పీకుతానన్నాను.

భయం అట్లాగే ఉంది. దానికి బరువుతో పని లేదు కాబోలు.

మే 2

రేపు పండుగ. వీధంతా సేమ్యా వేయించిన వాసన. నాకు మాత్రం గంజే. ఆపరేషన్ అయ్యేదాకా ఇట్లాగే ఉండమన్నారు. అమ్మ నా పక్కన కూర్చుని పుదీనా ఆకులు తుంచుతోంది.

"ఎంత కోస్తారంట?" అంది ఉన్నట్టుండి.

"సగం పైన."

ఆకులు తుంచడం ఆగింది. "మళ్ళీ పెరుగుద్దంట గదా. నిజమేనా, నా కోసం చెప్తన్నారా?"

"పెరుగుద్దమ్మా. రెండు మూడు నెలల్లో మొత్తం వచ్చుద్దంట."

అమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళింది. డబ్బాలు కదిలిన చప్పుడైంది. నాన్న క్యారేజీ పట్టుకొచ్చింది. ఆ రోజు గేటు దగ్గర నుంచి తెచ్చాక అటక మీద పడేసిన క్యారేజీ. చింతపండుతో తోమినట్టుంది, మెరుస్తోంది. చాప మీద మా ఇద్దరి మధ్య పెట్టింది.

"ఆ మూడు నెల్లూ నేనే వండుతా. గేటు కాడే ఉంటా. ఏం పెడితే అది తినాల."

"తింటా."

"నెయ్యేస్తా."

"ఎయ్యి."

"మూత తియ్యకుండా వెనక్కి పంపావో, ఊరుకోను."

పంపనన్నాను. వాణ్ణి కూడా పంపనివ్వనన్నాను.